పిడి లేని కప్పు (అంటరాని వస్తువుల చరిత్ర – 6)



పోయిన భాగంలో కొబ్బరి చిప్ప గురించి రాశాను. ఈసారి పింగాణి గురించి. నవ్వకండి. యూరప్ రాజుల బల్లల మీది కప్పులకూ మన వాడలకూ ఏం సంబంధం అని మీకు అనిపిస్తే, నాకూ చాలాకాలం అట్లాగే అనిపించింది.

తిరుపతిలో నా రాత బల్ల మీద ఒక కప్పు ఉంది. తెల్లది, పలచనిది. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వెనకాల నా వేళ్ళ నీడ కనిపిస్తుంది. అంచు చుట్టూ ఒకప్పుడు బంగారు గీత ఉండేదని చెప్పడానికి రెండుచోట్ల ఆనవాలు మిగిలింది. పక్కన చిన్న గులాబీ. పిడి లేదు. అది విరిగిన చోట రెండు గరుకు బొడిపెలు ఉన్నాయి. అడుగున ఆకుపచ్చ ఇంగ్లీషు అక్షరాల్లో ‘బోన్ చైనా, మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని ఉంది.

ఇది మా అవ్వ కప్పు. చిత్తూరుకూ పలమనేరుకూ మధ్య ఒక ఊళ్ళో అవ్వ దాదాపు ముప్పై ఏళ్ళు ఒకే పెద్దింట్లో పని చేసింది. పేడ ఎత్తడం, కొట్టం ఊడ్చడం, వేరుశనక్కాయలు ఒలవడం. మా అబ్బ అదే ఇంట్లో జీతగాడు. వాళ్ళ గొడ్డు చస్తే ఈడ్చుకుపోయి తోలు ఒలిచేది కూడా అబ్బే. పెద్దింటోళ్ళకు మద్రాసు నుంచి తెచ్చుకున్న ఒక టీ సెట్టు ఉండేదట. అందులో ఒక కప్పు పిడి విరిగింది. విరిగిన కప్పును పారెయ్యాలి, లేదా మాదిగోళ్ళకు పెట్టాలి. వాళ్ళు రెండో పని చేశారు. అప్పటినుంచి ఆ కప్పు గొడ్ల కొట్టంలో గోడ గూట్లో ఉండేది. అవ్వే తీసుకోవాలి, అవ్వే కడుక్కోవాలి, అవ్వే మళ్ళీ గూట్లో పెట్టాలి. టీ మాత్రం పైనుంచి, గిన్నె కప్పుకు తగలకుండా పోస్తారు.

చండాలుడు పగిలిన గిన్నెలో తినాలని మనుధర్మశాస్త్రం పదో అధ్యాయం చెబుతుంది. మా ఊరి పెద్దింటోళ్ళు ఆ పుస్తకం కంటితో చూసి ఉండరు. చూడాల్సిన పని లేదు. పుస్తకం చెప్పింది వాళ్ళ చేతికి ముందే తెలుసు.

ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక పాఠ్యపుస్తకం బయట నేను చదివిన మొదటి ఇంగ్లీషు ఈ కప్పు అడుగున ఉన్నదే. బోన్ అంటే ఎముక అని తర్వాత తెలిసింది. కప్పు మీద ఎముక ఎందుకు రాశారో తెలియడానికి మాత్రం నాకు డాక్టరేట్ అయిపోయినదాకా పట్టింది.

ముందు మాట దగ్గర మొదలుపెడతాను, తెలుగు పంతులమ్మను కాబట్టి. పింగాణి మన మాట కాదు. పారశీకంలో పింగాన్ అంటే గిన్నె. అరబ్బులు దాన్ని ఫింజాన్ అన్నారు. మన జిల్లాలో తమిళం మాట్లాడే ఇళ్ళలో పీంగాన్ అంటారు. ఇంగ్లీషు వాళ్ళేమో దేశం పేరే పెట్టి చైనా అన్నారు. మాటలోనే తెలిసిపోతుంది, ఇది ఎవరి ఇంట్లోనూ పుట్టిన వస్తువు కాదు, చైనా ఒక్కదానికి తప్ప. కయొలిన్ అనే తెల్లమట్టిని, ఒక రకం రాతి పొడిని కలిపి సుమారు 1300 డిగ్రీల వేడిలో కాలిస్తే మట్టి గాజులా బిగుసుకుంటుంది. నీళ్ళు పీల్చదు, కొడితే గంటలా మోగుతుంది. చైనా కుమ్మర్లకు ఈ పని వెయ్యేళ్ళకు పైగా తెలుసు. యూరప్‌కు తెలియదు. అక్కడి రాజులు ఆ గిన్నెలకు వెండి, బంగారు తొడుగులు వేయించి దాచుకున్నారు.

1603లో డచ్చి వాళ్ళు సింగపూర్ దగ్గర శాంతా కతరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకున్నారు. అందులోని పింగాణి ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలం వేస్తే యూరప్ అంతా ఎగబడింది. పెద్ద ఎత్తున పింగాణి వ్యాపారం మొదలైంది ఒక ఓడ దోపిడీతో అన్నమాట. ఆ తర్వాత లక్షలకు లక్షల గిన్నెలు డచ్చి కంపెనీ ఓడల్లో పోయాయి.

ఆ డచ్చి కంపెనీ మనకు దూరపు చుట్టం కాదు. సూళ్ళూరుపేట, తడ మీదుగా పోతే వచ్చే పులికాట్ సరస్సు ఉంది కదా, పక్షుల పండగకు పోయి ఫొటోలు దిగుతాం. దాని దక్షిణపు కొసన పులికాట్ ఊళ్ళో 1613లో డచ్చి వాళ్ళు గెల్డ్రియా కోట కట్టారు. కోరమాండల్ తీరంలో వాళ్ళ ముఖ్యస్థావరం అదే. కొంచెం పైన దుగరాజపట్నంలో 1626లో ఇంగ్లీషు వాళ్ళు దిగారు, మద్రాసు ఇంకా పుట్టకముందు. మన నేతగాళ్ళు నేసిన బట్ట ఇక్కడ కొని, తూర్పు దీవుల్లో అమ్మి, లవంగాలు జాజికాయలు కొన్నారు. చైనా పింగాణి అదే కంపెనీ ఓడల్లో, అదే దారుల్లో పోయింది. ఆ ఓడలెక్కిన ఇంకో సరుకు గురించి పులికాట్ టూరిజం బోర్డులు చెప్పవు. మనుషులు. 17వ శతాబ్దంలో కరువు వచ్చినప్పుడల్లా ఈ తీరం నుంచి వేలమందిని బానిసలుగా కొని బటావియాకు, అంటే ఇప్పటి జకార్తాకు తోలారు. కరువులో పిల్లల్ని అమ్ముకునేది ఎవరో, భూమి ఎవరికి లేదో మీకు చెప్పాలా?

యూరప్ వాళ్ళు చైనా గుట్టు కనిపెట్టిన కథ సినిమాకు పనికొస్తుంది. శాక్సనీ పాలకుడు అగస్టస్‌కు పింగాణి పిచ్చి. యోహాన్ ఫ్రీడ్రిష్ బ్యోట్‌గర్ అనే కుర్రాడు బంగారం చేస్తానని గొప్పలు పోతే రాజు పట్టి బంధించాడు. బంగారం రాలేదు. షిర్న్‌హౌస్ అనే శాస్త్రజ్ఞుడి కింద పెట్టి మట్టి కాల్పించాడు. 1708కి మట్టి కుదిరింది. షిర్న్‌హౌస్ ఆ ఏడాదే చనిపోయాడు. 1710లో మీసెన్ ఊళ్ళో కొండమీది కోటలో కార్ఖానా పెట్టారు. కోటలో ఎందుకంటే గుట్టు బయటికి పోకూడదని. పని చేసేవాడికి తన భాగమే తెలియాలి, మొత్తం తెలియకూడదు. మంత్రం ఒకరి దగ్గర, హోమం ఒకరి దగ్గర పెట్టే మన పద్ధతి నాకు ఇక్కడ గుర్తొచ్చింది. తేడా ఏమిటంటే అక్కడ పదేళ్ళు తిరక్కముందే మీసెన్ పనివాళ్ళు ఆ గుట్టును వియన్నాలో అమ్మేశారు. ఇక్కడ గుట్టు బయటపెట్టడానికి రెండువేల ఏళ్ళు పట్టింది, ఇంకా పని మిగిలే ఉంది. బ్యోట్‌గర్ 37 ఏళ్ళకే చనిపోయాడు.

చిన్న ముచ్చట. మీసెన్ గిన్నెల మీద చిత్రకారులు వేసిన ఒక రకం పూలను జర్మన్‌లో ‘ఇండియా పూలు’ అనేవాళ్ళు. నిజానికి అవి జపాన్, చైనా గిన్నెల మీది పూలు. ఈస్టిండియా కంపెనీల ఓడల్లో వచ్చినవన్నీ వాళ్ళకు ఇండియావే. శ్రీకాళహస్తిలో కలంకారీ వేసే మా మిత్రుడికి ఈ సంగతి చెబితే, ‘మన పూలకు వాళ్ళ పేరు పెట్టకుండా, వాళ్ళ పూలకు మన పేరు పెట్టినారు. ఒకసారన్నా మనకు లాభమే కదక్కా’ అన్నాడు.

ఈ వస్తువులు చూడాలంటే జర్మనీ పోనక్కరలేదు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియం చాలు. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ 1949లో చనిపోయేదాకా పోగేసిన సరుకు అది. 1951 డిసెంబరు 16న నెహ్రూ దాన్ని తెరిచాడు. జనం వెయిల్డ్ రెబెకా బొమ్మ దగ్గర, గంట కొట్టే గడియారం దగ్గర గుమిగూడతారు. యూరప్ పింగాణి గదుల్లో రద్దీ ఉండదు. మీసెన్, ఫ్రాన్సు రాజుల సేవ్ర్, ఇంగ్లీషు వెడ్జ్‌వుడ్, అన్నీ అద్దాల వెనక వరసగా ఉంటాయి. కొన్నేళ్ళ క్రితం మా డిగ్రీ పిల్లలతో వెళ్ళినప్పుడు నేను వెడ్జ్‌వుడ్ ముందు చాలాసేపు నిలబడిపోయాను. పిల్లలు ఆకలి అంటున్నా కదల్లేదు. ఎందుకో చెప్తాను.

జోసయా వెడ్జ్‌వుడ్ 1730లో ఇంగ్లండ్‌లోని బర్స్‌లెమ్‌లో కుమ్మరి ఇంట్లో పుట్టాడు. చిన్నప్పుడు మశూచి వచ్చి కుడి మోకాలు దెబ్బతింది. కాలితో సారె తిప్పలేని కుమ్మరివాడు. 1768లో ఆ కాలు తీసేశారు. సారె దగ్గర కూర్చోలేనివాడు మట్టి మీద ప్రయోగాలు పట్టుకున్నాడు, వేలకొద్దీ చేశాడు, రాశాడు. మీగడ రంగు గిన్నెలు చేసి షార్లెట్ రాణికి ఇచ్చి వాటికి ‘రాణీగారి గిన్నెలు’ అని పేరు పెట్టించుకున్నాడు. 1783లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. కుమ్మరి కొడుకు, శాస్త్రజ్ఞుల సభలో. పలమనేరు పోతే ఈ రోజుకీ అద్భుతమైన మట్టి బొమ్మలు చేసే కుమ్మరి అన్నలు కనిపిస్తారు. హోటళ్ళ వాళ్ళు, రిసార్టుల వాళ్ళు వచ్చి కొనుక్కుపోతారు. వాళ్ళ చేతికి తెలిసిన మట్టి రసాయనం ఏ విశ్వవిద్యాలయం కొలిచింది? ఇంగ్లండ్‌లో కులం లేదు కాబట్టి అంతా సవ్యం అని మాత్రం నేను అనడం లేదు. ఆ స్టాఫర్డ్‌షైర్ కుంపట్లలోనే పసిపిల్లలు అచ్చులు మోస్తూ వేడి గదుల్లోకి పరుగులు తీశారని 1840ల్లో పార్లమెంటు కమిషనే రాసింది. మెరుగు కోసం వాడిన సీసం పనివాళ్ళను, పని చేసే ఆడవాళ్ళను పట్టి పీడించింది. మెరుపు ఎవరి ఊపిరితిత్తుల్లోంచి వచ్చిందో గిన్నె చెప్పదు.

వెడ్జ్‌వుడ్‌ను నేను వదలకపోవడానికి కారణం వేరే ఉంది. 1787లో ఆయన కార్ఖానా ఒక చిన్న బిళ్ళ చేసింది. సంకెళ్ళతో మోకాళ్ళ మీద కూర్చున్న ఒక నల్ల మనిషి. చుట్టూ, నేను మనిషిని కానా, సోదరుణ్ని కానా అనే ప్రశ్న. బానిస వ్యాపారం రద్దు చెయ్యాలనే సంఘం గుర్తు అది. బెంజమిన్ ఫ్రాంక్లిన్‌కు కొన్ని పంపాడు. దొరసానులు జడల్లో, గాజుల్లో పెట్టుకున్నారు. ఒక వ్యాపారి తన సరుకుతో చేసిన రాజకీయం ఇది, చిన్న విషయం కాదు. నేను గౌరవిస్తాను. కానీ ఆ మనిషి మోకాళ్ళ మీద ఎందుకున్నాడు? నాలుగేళ్ళు తిరక్కుండానే 1791లో హైతీలో చెరకు తోటల బానిసలు లేచి నిలబడ్డారు. వాళ్ళెవరూ ప్రశ్న అడగలేదు.

1791లోనే ఇంగ్లండ్‌లో చక్కెర బహిష్కరణ మొదలైంది. బానిసల చెమటతో తీసిన వెస్టిండీస్ చక్కెర మా టీలో వద్దన్నారు. 1820ల్లో ఉద్యమం మళ్ళీ లేచినప్పుడు ఇంగ్లీషు బల్లల మీదికి కొత్త చక్కెర గిన్నెలొచ్చాయి. వాటి మీద బంగారు అక్షరాల్లో, ఇది ఈస్టిండియా చక్కెర, బానిసలు చేసింది కాదు అని రాసి ఉండేది. ఇంటికొచ్చిన అతిథి చక్కెర వేసుకుంటూ చదవాలి. మంచి మనుషుల ఇల్లు అనుకోవాలి.

ఇక్కడ ఆగండి. ఈస్టిండియా అంటే మనం. ఆ చక్కెర ఎక్కువగా బెంగాల్ నుంచి పోయింది, సరే. కానీ అదే కంపెనీ ఏలుతున్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ రోజుల్లో ఏం జరుగుతోంది? మన పక్కనున్న తమిళ జిల్లాల్లో, మలబారులో పరయ్యలు, పల్లర్లు, చెరుమన్లు, పులయలు పొలంతో పాటు అమ్ముడుపోతున్నారు. తాకట్టు పడుతున్నారు. కంపెనీ కలెక్టర్లు ఇదంతా రాసి పంపారు. 1828లో పార్లమెంటు ‘ఇండియాలో బానిసత్వం’ అని కాగితాలు అచ్చు వేసింది కూడా. అంటే తెలియక కాదు. 1833లో బ్రిటిష్ సామ్రాజ్యం బానిసత్వాన్ని రద్దు చేస్తూ గొప్ప చట్టం చేసింది. అందులోనే ఒక క్లాజు పెట్టి ఈస్టిండియా కంపెనీ పాలించే ప్రాంతాలకు ఇది వర్తించదంది. నల్ల మనిషి ప్రశ్న బిళ్ళ మీద కనపడింది. మన మనిషి కనపడలేదు. మనది బానిసత్వం కాదు, ఆచారం అన్నారు. ఆచారం అనే మాట కింద ఎంత దాక్కోగలదో చూడండి.

కోర్టులు బానిస హక్కును గుర్తించవని 1843లో ఐదో చట్టం వచ్చింది. బానిసగా కొనడం, అమ్మడం నేరమైంది 1860 శిక్షాస్మృతితో. అదే 1860లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి కూలీలను ఎక్కించుకుని దక్షిణాఫ్రికాలోని నేటాల్ చేరింది. ఎందుకు? చెరకు తోటలకు. అప్పటికి చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగం. మన జిల్లా విడిగా ఏర్పడింది 1911లో. ఆ ఉత్తర ఆర్కాటు నుంచి మారిషస్‌కు, నేటాల్‌కు, ఫిజీకి పోయినవాళ్ళలో మన వాడలవాళ్ళు ఎందరో ఉన్నారు. చక్కెర గిన్నె మీది రాత చెరిగిపోయింది. గిన్నె నిండుతూనే ఉంది.

ఇక ఎముక దగ్గరికి వస్తాను.

చైనా మట్టిలాంటిది ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్‌లో దొరికింది, 1768లో విలియం కుక్‌వర్తీ దానికి పేటెంట్ తీసుకున్నాడు. కానీ ఆ పింగాణి చెయ్యడం కష్టం, పగుళ్ళు ఎక్కువ. 1790ల్లో స్టోక్‌లో జోసయా స్పోడ్ ఇంకో దారి కుదిర్చాడు. గొడ్డు ఎముకలను కాల్చి బూడిద చేసి మట్టిలో కలిపాడు. కొంచెం కాదు. దాదాపు సగం ఎముకల బూడిద, మిగతా సగంలో తెల్లమట్టి, రాతి పొడి. ఆ బూడిద వల్లే అంత తెలుపు, అంత పలచన, వెలుతురు దూసుకుపోయేంత నాజూకు. అదే బోన్ చైనా. ఇంగ్లీషు వాళ్ళు ఏం దాచలేదు, అడుగునే రాసి పెట్టారు.

సాలార్‌జంగ్ మ్యూజియంలో నేను ఇది చెప్పినప్పుడు మా పిల్లల్లో ఒకమ్మాయి అద్దానికి ముక్కు ఆనించి చూస్తూ, ‘నిజంగా ఎముకేనా మేడమ్?’ అంది. అవునన్నాను. కాసేపాగి, ‘మా ఊళ్ళో అమ్మ పనికిపోయే ఇంట్లో ఉన్నాయి మేడమ్ ఇట్లాంటివి. షోకేసులో. మాకు స్టీలు గ్లాసు వేరేగా పెడతారు. వాళ్ళు గుడ్డు కూడా తినరు’ అంది. తర్వాత పకపకా నవ్వింది. మిగతావాళ్ళూ నవ్వారు. కాపలా ఆయన వచ్చి గద్దించాడు.

నేను కూడా నవ్వాను కానీ నాకు అబ్బ గుర్తొచ్చాడు. చచ్చిన ఎద్దును ముట్టిన చెయ్యి కాబట్టి ఆ చేత్తో గడప ముట్టకూడదు. అదే ఎద్దు తోలు చెప్పయి వస్తే పెద్దాయన కాలికి ఎక్కుతుంది, డప్పయి వస్తే దేవుడి ముందు మోగుతుంది. ఎముక కప్పయి ఇంగ్లండ్ నుంచి వస్తే పెదవికి తగులుతుంది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మన దేశం నుంచి ఎముకలు ఓడలెక్కి పోయాయి, ఎక్కువగా ఎరువు కోసం. వాటిని బీళ్ళలో, చెరువు గట్ల మీద ఏరింది ఎవరు? ఎముకకు మైల లేదు, తోలుకు మైల లేదు. మధ్యలో ఉన్న చేతికి ఉంది. 2016 జులైలో గుజరాత్ ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలిచినందుకు మనవాళ్ళను కారుకు కట్టి కొట్టారు. నెల తిరక్కముందే మన కోనసీమలో, అమలాపురం దగ్గర, అదే పని చేస్తున్నందుకు దళిత అన్నదమ్ములను చెట్టుకు కట్టి కొట్టారు. ఆ రోజు ఈ రాష్ట్రంలో ఎన్ని ఇళ్ళలో బోన్ చైనా కప్పుల్లో కాఫీ తాగుతూ ఆ వార్త చదివారో.

మరి మడి, మైల లెక్కలు ఇంత గట్టిగా ఉన్న ఇళ్ళలోకి పింగాణి ఎట్లా వచ్చింది? నాకు ఆసక్తి కలిగించేది ఇదే. ఎంగిలి అనే మాటకు ఇంగ్లీషులో సమానపదం చెప్పమంటే నా విద్యార్థులు ‘లెఫ్టోవర్’ దగ్గర ఆగిపోతారు. ఎంగిలి అంటే మిగిలింది కాదు, తగిలింది. పెదవి తగలడం. అందుకే మన లోటా, గ్లాసు ఎత్తి పోసుకోవడానికి ఉంటాయి. అంచు నోటికి తగలదు. కప్పు అట్లా కాదు, పెదవికి ఆనించక తప్పదు. ఎత్తి పోసుకోబోతే మొహం కాలుతుంది. ఇంకో చిక్కు, కంచు, ఇత్తడి మైలపడితే చింతపండుతో తోమితే శుద్ధి. మట్టికుండ మైలపడితే పగలగొట్టాలి. పింగాణి మట్టే, కానీ మట్టిలా పీల్చదు. లోహంలా మెరుస్తుంది, కానీ లోహం కాదు. శాస్త్రం దాన్ని ఏ గూట్లో పెట్టాలో తేల్చుకోలేకపోయింది.

ఊరగాయ జాడీ మాత్రం వంటింట్లోకి చక్కగా వెళ్ళింది. ఉప్పు, పులుపు లోహాన్ని తినేస్తాయి కాబట్టి అవసరం గెలిచింది. శాస్త్రం పక్కకు తప్పుకుంది. మడి కట్టుకోకుండా ఆ జాడీని ముట్టకూడదని కొత్త నియమం పెట్టి సర్దుకున్నారు. కప్పు మాత్రం చాలాకాలం వాకిట్లోనే ఉండిపోయింది. ఆచారపు ఇళ్ళలో దాన్ని కొన్నది తమకోసం కాదు, బయటివాళ్ళకోసం. దొర వస్తే, ముస్లిం స్నేహితుడు వస్తే ఇంటి వెండి గ్లాసు ఇవ్వలేరు కదా. వాళ్ళకు పింగాణి కప్పు. తాగి పోయాక విడిగా కడిగించి విడిగా పెట్టేవాళ్ళు. కాబట్టి మన దేశంలో ఈ కప్పు మొదటి ఉద్యోగం అంటరానితనమే, కాకపోతే మర్యాదగల అంటరానితనం. తర్వాత దొర తాగేది కాబట్టి హోదా వచ్చింది. షోకేసులోకి ఎక్కింది. ఇంట్లోవాళ్ళు కూడా తాగడం మొదలుపెట్టారు. దొరను దూరం పెట్టడానికి కొన్న గిన్నె, దొరలా కనిపించడానికి పనికొచ్చింది. విరిగితే మళ్ళీ పాత ఉద్యోగానికే పోయింది, కొట్టంలో గూట్లోకి.

యూరప్ కూడా కప్పును నేర్చుకున్నదే. చైనా నుంచి వచ్చిన టీ గిన్నెలకు పిడి లేదు. పిడి అతికించింది యూరప్ వాళ్ళు. వేడి టీని సాసర్లో పోసుకుని జుర్రుకోవడం 18వ శతాబ్దపు ఇంగ్లీషు ఇళ్ళలో మామూలే. మా నాయన సాసర్లో పోసుకుని తాగితే నాకు కాలేజీ రోజుల్లో సిగ్గేసేది. ఆ సిగ్గు గురించి ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. పిడి విరిగినప్పుడు మా అవ్వ కప్పు ఒకరకంగా చైనాకు తిరిగి పోయింది.

కప్పు విడిగా పెట్టడం హిందూ ఇళ్ళకే పరిమితం కాలేదు. తమిళ దేశపు లూథరన్ చర్చిల్లో పై కులాల క్రైస్తవులు ప్రభువు బల్ల దగ్గర పరయ్య క్రైస్తవులతో ఒకే పాత్రలో తాగడానికి ఒప్పుకోలేదు. బిషప్ డేనియల్ విల్సన్ 1833లో కులం చర్చిలో ఉండకూడదని ఉత్తరం రాస్తే, కొన్నిచోట్ల వందలమంది చర్చి వదిలి పోయారు కానీ పాత్ర పంచుకోలేదు. చర్చిలో పాత్రతో జరిగిందే తర్వాత మన ఊళ్ళ టీ అంగళ్ళలో గ్లాసుతో జరిగింది.

దాని సంగతి మీకు నేను చెప్పక్కరలేదు. రెండు గ్లాసుల పద్ధతి. బయట మేకుకు తగిలించిన గ్లాసు, చూరులో పెట్టిన గ్లాసు, అంచు పగిలిన గ్లాసు. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955 చట్టం నాలుగో సెక్షన్ హోటళ్ళలో జనం కోసం పెట్టిన పాత్రలను వాడుకోనివ్వకపోవడం నేరమని విడమరిచి చెప్పింది. చట్టం రాసినవాళ్ళకు గ్లాసు ఎంత పెద్ద విషయమో తెలుసన్నమాట. 1955 నుంచి 2001కి రండి. జస్టిస్ పున్నయ్య కమిషన్ రాష్ట్రమంతా తిరిగి ఇచ్చిన నివేదికలో రెండు గ్లాసులు ఇంకా ఉన్నాయి.

ఇప్పుడు లేవు అంటారు. నిజమే, చాలాచోట్ల కనపడవు. పేపర్ కప్పు వచ్చింది. రెండు గ్లాసులను తీసేసింది చట్టం కంటే ఎక్కువ పేపర్ కప్పే అని నాకు అనుమానం. అందరికీ పేపర్ కప్పు అయితే సమానమే కదా మేడమ్ అని మా పిల్లలు అడుగుతారు. ఈసారి ఊరికి పోయినప్పుడు అంగడి ముందు ఒక అరగంట ఊరికే నిలబడి చూడమంటాను. ఎవరికి స్టీలు గ్లాసు, ఎవరికి అడక్కుండానే పేపర్ కప్పు. చూసి వచ్చినవాళ్ళు మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

కప్పు కథ కొంచెం మిగిలింది. అడుగున దేశం పేరు ఎందుకుంటుందంటే, దిగుమతి సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలని అమెరికా 1890లో చట్టం చేసింది. 1891 నుంచి ఇంగ్లీషు గిన్నెల మీద ‘ఇంగ్లండ్’ అని పడింది. ‘మేడ్ ఇన్ ఇంగ్లండ్’ అని పూర్తిగా రాయడం ఆ తర్వాత, 20వ శతాబ్దంలో వాడుకైంది. అంటే అవ్వ కప్పు మరీ పాతదేం కాదు. మ్యూజియం వాళ్ళు అద్దంలో పెట్టరు.

నేను నాలుగో తరగతిలో ఉండగా నాయన ఉద్యోగం పర్మనెంట్ అయింది. మరుసటి నెల అవ్వ ఆ ఇంట్లో పని మానేసింది. ఆఖరి రోజు కొట్టం ఊడ్చి, గూట్లోంచి కప్పు తీసి కొంగున కట్టుకుని వచ్చేసింది. పెద్దామె వాకిట్లో నిలబడి చూసిందట. ఏమీ అనలేదట. ఎట్లా అంటుంది, వెనక్కి తీసుకుని ఏం చేసుకుంటుంది? అప్పుడే బడిలో దొంగతనం తప్పని చదువుకున్న నేను, ‘అడక్కుండా తెచ్చినావు కదవ్వా, దొంగతనం కాదా?’ అని అడిగాను.

‘ముప్పై ఏండ్లు నేను తప్ప ఇంగొకరు తాగలేదే పాపా. నాది గాక ఎవురిది?’ అంది.

ఇంటికొచ్చాక అవ్వ దాంట్లో ఒక్కసారి కూడా టీ తాగలేదు. నాయన జీతంతో కొన్న స్టీలు గ్లాసులో తాగేది, అంచు పెదవికి బాగా ఆనించి, చప్పుడు చేస్తూ. కప్పును కోళ్ళ గంప పక్కన పెట్టి నీళ్ళు పోసేది. అంచు మీది బంగారు గీత పోయింది అందుకే. కోళ్ళు పొడిచి పొడిచి.